పాత ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చాలదా? చిన్న డెస్క్‌టాప్ కార్డు కొనేముందు ఇలా పోల్చి చూసుకోండి

మీ దగ్గర ఆరో జనరేషనో ఏడో జనరేషనో ఇంటెల్ ఐ5 ల్యాప్‌టాప్ ఉంది. ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయి, 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ తెరిస్తే ఫ్యాన్ హోరెత్తుతోంది. బెంగళూరు ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ టవర్ (డెస్క్‌టాప్ కంప్యూటర్ డబ్బా) ఒకటి తీసుకుని, అందులో చిన్న గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే చాలని ఎవరో చెప్పారు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఇంజనీరింగ్ విద్యార్థులు, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్ళు చాలామంది ఆలోచించే దారి ఇదే. దారి మంచిదే. కానీ 'కార్డు' అన్న మాట ఒక్కటే చూసి కొంటే, ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉన్నదానికంటే మెరుగు కానిదాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకునే ప్రమాదం నిజంగానే ఉంది. అలా జరగకుండా, జేబులోంచి రూపాయి తీయకముందే మీరే చేసుకోగల పోలికను ఇక్కడ వరసగా చెబుతాను.

మొదట ల్యాప్‌టాప్‌లో ఏముందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో కిందికి వెళ్తే 'జీపీయూ 0' (జీపీయూ అంటే గ్రాఫిక్స్ పని చేసే చిప్) అని, దాని దగ్గరే చిప్ పేరు కనిపిస్తుంది. అక్కడ జీపీయూ అనేదే కనబడకపోతే కంగారు పడకండి. చిప్ పాతదై దాని డ్రైవర్ కూడా పాత పద్ధతిలో ఉంటే విండోస్ అక్కడ చూపించదు. అప్పుడు జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని చూడండి. ఈ వ్యవహారం పూర్తయ్యేలోపు అది మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

ఇంటెల్ హెచ్‌డీ 3000 అని ఉంటే అది 2011 నాటిది. ఆటలు గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకునే విండోస్ భాగం డైరెక్ట్‌ఎక్స్‌లో 10.1 దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఇవాళ్టి ఆటలు చాలావాటికి అది సరిపోదు. హెచ్‌డీ 4000 వచ్చింది 2012లో. లెక్కలు చేసే యూనిట్లు అందులో 16 ఉంటాయి. 2013 నాటి హెచ్‌డీ 4400లో అవి 20 అయ్యాయి. 2015 నాటి హెచ్‌డీ 520లోనూ, 2016 నాటి హెచ్‌డీ 620లోనూ 24 ఉంటాయి. తర్వాతి ఏడాది వచ్చిన యూహెచ్‌డీ 620 పేరు కొత్తదే కానీ లోపల ఉన్నది దాదాపు అదే గ్రాఫిక్స్. కాబట్టి పేరులో ఒక అక్షరం పెరిగిందని ఎక్కువ ఆశించవద్దు.

'జీపీయూ 1' కూడా కనిపిస్తే మీ ల్యాప్‌టాప్‌లో విడిగా మరో చిన్న చిప్ ఉందన్నమాట. అప్పుడు పోల్చాల్సింది దానితోనే, ఇంటెల్ దానితో కాదు.

ఇక మెమరీ. అదే పేజీలో 'షేర్డ్ జీపీయూ మెమరీ 4 జీబీ' అని ఉంటే నాలుగు జీబీల గ్రాఫిక్స్ ఉందని చాలామంది అనుకుంటారు. అది మీ ర్యామ్‌లోంచి అవసరమైతే వాడుకోవడానికి విండోస్ ఇచ్చిన అనుమతి మాత్రమే. సాధారణంగా మొత్తం ర్యామ్‌లో సగం దాకా ఇస్తుంది. ఈ రకం గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ అంటూ ఉండదు. ప్రాసెసర్ వాడే ర్యామ్‌నే, ప్రాసెసర్ వాడుతున్న సమయంలోనే, అదీ పంచుకుంటుంది. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌కూ, సొంత మెమరీ ఉండే కార్డుకూ అసలు తేడా ఇక్కడే ఉంది. కింద చెప్పేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

మీ పని ఎక్కడ ఆగుతోందో కొలవండి

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇది. ఎక్కువమంది వదిలేసేదీ దీన్నే.

మీరు రోజూ చేసే పనినే తెరవండి. ఆటైతే ఆట, ఎడిటింగ్ అయితే ఎడిటింగ్. పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచి పది నిమిషాలు మామూలుగా పని చేసుకోండి. జీపీయూ పేజీలో '3డీ' గ్రాఫ్ నూరు శాతానికి అంటుకునే ఉంటే ఆగుతున్నది గ్రాఫిక్స్ దగ్గరే. అది యాభై, అరవై దగ్గర తిరుగుతూ సీపీయూ నూరులో ఉంటే ఎంత మంచి కార్డు వేసినా పెద్ద మార్పు రాదు. మెమరీ తొంభై దాటి, డిస్క్ నూరులో కొట్టుకుంటుంటే మీకు కావాల్సింది ర్యామ్, ఎస్ఎస్‌డీ. హార్డ్ డిస్క్ మీదే నడుస్తున్న పాత ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేస్తే కనిపించే తేడా ఏ చిన్న కార్డు వేసినా కనిపించదు.

ఫ్లెక్సీ డిజైన్ చేసేవాళ్ళ లెక్క చూడండి. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు బ్యానర్‌ను ఫోటోషాప్‌లో అసలు సైజులో, 72 రిజల్యూషన్‌లో, సీఎంవైకే రంగుల్లో తెరిస్తే 17,280 బై 8,640 పిక్సెళ్ళు అవుతుంది. అంటే సుమారు 15 కోట్ల పిక్సెళ్ళు. పిక్సెల్‌కు నాలుగు బైట్లు చొప్పున, బ్యానర్ నిండా పరుచుకున్న ఒక్క లేయరే దాదాపు 600 ఎంబీ తినేస్తుంది. అలాంటివి అయిదారు లేయర్లు, పైన నాయకుల ఫోటోలు వేస్తే 8 జీబీ ర్యామ్ అక్కడికే అయిపోతుంది. ఇక్కడ ఇరుక్కున్న మనిషి గ్రాఫిక్స్ కార్డు కొంటే డబ్బు వృథా. 16 జీబీ ర్యామ్ వేయిస్తే పని సాఫీగా సాగుతుంది.

ఆటోక్యాడ్‌లో 2డీ గీతలు గీసే సివిల్ విద్యార్థులకూ ఎక్కువసార్లు ఇదే వర్తిస్తుంది. ఆ పని ప్రాసెసర్‌లోని ఒక కోర్ వేగం మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 3డీ మోడళ్ళు తిప్పుతూ చూసే మెకానికల్ వాళ్ళది వేరే కథ, వాళ్ళకు కార్డు కచ్చితంగా పనికొస్తుంది.

యూట్యూబ్ వీడియోలు ఆగి ఆగి నడుస్తున్నాయన్నదే మీ బాధ అయితే, వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) అన్న వరసలో వీపీ09, అంటే వీపీ9, అని ఉండి మీది హెచ్‌డీ 4000 అయితే ఆ చిప్‌కు ఆ కోడెక్ తెలియదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతోంది. బ్రౌజర్‌లో వీడియోలను ఆ చిప్‌కు తెలిసిన హెచ్.264 కోడెక్‌లోనే రప్పించే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఖర్చు లేకుండా చాలావరకు తీరిపోతుంది. హెచ్‌డీ 620కి వీపీ9, పది బిట్ల హెచ్‌ఈవీసీ రెండు కోడెక్‌లూ తెలుసు. మరోవైపు కొత్త డబ్బాలో దొరికే ఎన్విడియా జీటీ 710 కార్డుకు ఆ రెండూ తెలియవు. వీడియో చూడటానికని ఆ కార్డు కొని టవర్‌లో పెడితే ల్యాప్‌టాప్ కంటే వెనక్కి వెళ్తారు.

కార్డు కంటే ముందు రెండో ర్యామ్ స్టిక్

ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌కు న్యాయం చేయకుండా దాన్ని కార్డుతో పోల్చకూడదు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి, 'ఛానెల్' అన్నచోట సింగిల్ (కొత్త వెర్షన్లలో 1 x 64-bit) అని ఉందా, డ్యూయల్ (2 x 64-bit) అని ఉందా చూడండి. ధర తగ్గించడానికి చాలా ల్యాప్‌టాప్‌లు ఒకే స్టిక్‌తో వచ్చాయి. ఒక్క స్టిక్ అంటే గ్రాఫిక్స్‌కు దారి సగమే తెరిచి ఉన్నట్టు.

లెక్క సులభం. ర్యామ్ వేగం అంకెను ఎనిమిదితో గుణిస్తే అది సెకనుకు ఎన్ని ఎంబీలు అందిస్తుందో వస్తుంది. డీడీఆర్4 రకం, 2133 వేగం ఉన్న స్టిక్ ఒకటి సెకనుకు సుమారు 17 జీబీ అందిస్తుంది. రెండు స్టిక్‌లైతే 34. డీడీఆర్3 1600 అయితే ఒకదానికి 12.8, రెండింటికి 25.6. ఖాళీ స్లాట్ ఉంటే రెండో స్టిక్ వేయండి, ఆటల్లో తేడా కంటికే తెలుస్తుంది. నాలుగు, ఐదు జనరేషన్ల ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా డీడీఆర్3ఎల్ కావాలి. ఆరో జనరేషన్‌లో మాత్రం కొన్ని డీడీఆర్3ఎల్‌తో, కొన్ని డీడీఆర్4తో వచ్చాయి. అందుకే షాపుకు వెళ్ళేటప్పుడు ఉన్న స్టిక్ ఫోటో తీసుకుని వెళ్ళండి. నోటితో చెబితే పొరపాటు జరుగుతుంది.

కాగితం మీద పోలిక: జీబీలు కాదు, బ్యాండ్‌విడ్త్

షాపులో కార్డు డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది '2 జీబీ', '4 జీబీ' అన్న అంకె. అమ్మే అతను చెప్పేదీ అదే. కానీ చిన్న కార్డుల్లో తేడా చెప్పే అంకె అది కాదు. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఎన్ని ఉంటే అంతమంది కూర్చోగలరు. కానీ దర్శనం ఎంత త్వరగా అవుతుందనేది లోపలికి వదిలే దారి మీద ఉంటుంది. జీబీ అంటే కంపార్ట్‌మెంట్లు, బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ నుంచి సెకనుకు కదిలే డేటా, ఆ దారి.

డబ్బా మీద మీరు వెతకాల్సినవి రెండు: మెమరీ రకం, బస్ వెడల్పు (మెమరీకీ చిప్‌కూ మధ్య దారి ఎన్ని బిట్లో). మెమరీ వేగాన్ని బస్ బిట్లతో గుణించి ఎనిమిదితో భాగిస్తే బ్యాండ్‌విడ్త్ వస్తుంది. ఇప్పుడు ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

2016లో వచ్చిన జీటీ 710కి డీడీఆర్3 మెమరీతో బ్యాండ్‌విడ్త్ సెకనుకు 14.4 జీబీ. అంటే ల్యాప్‌టాప్‌లో ఒక్క డీడీఆర్4 స్టిక్ ఇచ్చేదానికంటే తక్కువ. అందులో కోర్లు 192. మొత్తం లెక్క కట్టే శక్తి సుమారు 366 గిగాఫ్లాప్స్ (ఒకటి అంటే సెకనుకు వంద కోట్ల లెక్కలు). హెచ్‌డీ 620 తన పూర్తి వేగంలో, అంటే ఒక గిగాహెర్ట్జ్ దగ్గర, 384 చేస్తుంది. కాగితం మీద రెండూ ఒక్కటే. సెకండ్ హ్యాండ్ టవర్‌తో పాటు 'గ్రాఫిక్స్ కార్డు ఫ్రీ' అని ఇచ్చేది చాలాసార్లు ఈ వర్గానికి చెందినదే అయి ఉంటుంది.

జీటీ 1030 దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2017లో వచ్చినది జీడీడీఆర్5 మెమరీతో 48 జీబీ ఇస్తుంది, 384 కోర్లతో 1,100 గిగాఫ్లాప్స్ పైన చేస్తుంది. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 మెమరీ ఉన్న మరో రకం వచ్చింది. దాని బ్యాండ్‌విడ్త్ 16.8 జీబీ మాత్రమే, మొదటిదానిలో మూడో వంతు. డబ్బా మీద పేరు ఒకటే, 2 జీబీ అన్న అంకే ఒకటే. ఒకే పేరుతో ఇంత తేడా ఉన్న సరుకు అమ్మడం కొనేవాళ్ళకు అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మీరు చేయగలిగింది, జీడీడీఆర్5 అన్న అక్షరాలు డబ్బా మీద చూశాకే డబ్బివ్వడం.

నిజమైన తేడా మొదలయ్యేది జీటీఎక్స్ 1050 టీఐ దగ్గర. 2016 నాటి కార్డు, 4 జీబీ జీడీడీఆర్5, 128 బిట్ల బస్, 112 జీబీ బ్యాండ్‌విడ్త్, 2,100 గిగాఫ్లాప్స్ పైన. హెచ్‌డీ 620తో పోలిస్తే లెక్క కట్టే శక్తి అయిదున్నర రెట్లు, ఒక్క స్టిక్ ర్యామ్‌తో పోలిస్తే బ్యాండ్‌విడ్త్ ఆరు రెట్లకు పైన. అదీ సొంతానికి, ఎవరితోనూ పంచుకోకుండా. 2019 నాటి జీటీఎక్స్ 1650 ఇంకొంచెం ముందుంటుంది: 896 కోర్లు, 128 జీబీ. ఈ రెండూ మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచేలా తయారైనవి.

వేర్వేరు కంపెనీల చిప్‌ల గిగాఫ్లాప్స్‌ను యథాతథంగా పోల్చకూడదు. డ్రైవర్, ఆట తయారైన తీరు కూడా లెక్కలోకి వస్తాయి. అయితే అయిదు రెట్ల తేడా, ఒక వంతు తేడా వేరు వేరని చెప్పడానికి ఈ అంకెలు చాలు. వాలరెంట్ ఆట వచ్చినప్పుడు రయట్ గేమ్స్ ప్రకటించిన అవసరాలు చూసినా ఈ మెట్లు కనిపిస్తాయి: సెకనుకు 30 ఫ్రేములకు ఇంటెల్ హెచ్‌డీ 4000, 60కి జీటీ 730, 144కి జీటీఎక్స్ 1050 టీఐ.

ఇప్పుడు నిజంగా పరీక్షించండి

కాగితం మీద లెక్క తేలాక చేత్తో చూసుకోవాలి. స్నేహితుడి దగ్గరో, హాస్టల్లో ఎవరి గదిలోనో ఇలాంటి కార్డు ఉన్న టవర్ దొరికితే గంటసేపు అడిగి తీసుకోండి. యూనిజిన్ హెవెన్ అనే ఉచిత పరీక్ష రెండింటిలోనూ వేసుకోండి. దాంతోపాటు మీరు ఆడే ఆట ఒకటి.

ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టే ఉంచండి. బ్యాటరీ మీద నడిపితే అది వేగం తగ్గించుకుంటుంది. పవర్ సెట్టింగ్ 'బెస్ట్ పెర్ఫార్మెన్స్'లో పెట్టండి. రెండు యంత్రాల్లోనూ ఒకే రిజల్యూషన్, ఒకే సెట్టింగులు ఉండాలి. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. ల్యాప్‌టాప్ తెర 1366 బై 768, డెస్క్‌టాప్ మానిటర్ 1920 బై 1080 అయితే రెండోది దాదాపు రెట్టింపు పిక్సెళ్ళు గీయాలి. అలాగే వదిలేస్తే కార్డుకు అన్యాయం చేసినట్టే. రెండింటినీ 1280 బై 720కి తెచ్చి కొలవండి, తర్వాత కార్డును విడిగా 1080లో కూడా చూడండి, ఎందుకంటే రేపు మీరు వాడేది అదే.

మొదటి రెండు నిమిషాల అంకెలు రాసుకోవద్దు. యూ అన్న అక్షరంతో ముగిసే ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల హద్దు మామూలుగా 15 వాట్లు. ఆ పదిహేనునే ప్రాసెసర్, గ్రాఫిక్స్ పంచుకోవాలి. మొదట కొన్ని సెకన్లు హద్దు దాటి పరిగెత్తి, తర్వాత దిగివస్తుంది. వేడెక్కితే ఇంకా దిగుతుంది. పావుగంట నడిపాక వచ్చే అంకే నిజమైనది. మన ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. కర్తరి ఎండల్లో తిరుపతిలో బయట 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని హాస్టల్ గదిలో మధ్యాహ్నం కొలిచిన అంకె, డిసెంబరు రాత్రి కొలిచిన అంకె ఒకటిగా ఉండవు. రెండు యంత్రాలనూ ఒకే గదిలో, ఒకే పూట కొలవండి. ల్యాప్‌టాప్ ఫ్యాన్ దగ్గర దుమ్ము పేరుకుని ఉంటే ముందు శుభ్రం చేయించి, అవసరమైతే థర్మల్ పేస్ట్ మార్పించండి. ఆ ఒక్క పనితోనే కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్ళీ దారిలో పడతాయి.

సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూడటానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో వచ్చే రివాట్యూనర్ చాలు. సగటు ఒక్కటే రాసుకోకండి, 'ఒక శాతం కనిష్ఠం' (అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) కూడా రాసుకోండి. సగటు 45 ఉండి కనిష్ఠం 12 ఉంటే ఆట తడబడుతూనే ఉంటుంది. సగటు 38 ఉండి కనిష్ఠం 30 ఉంటే హాయిగా ఆడుకోవచ్చు.

ఇక నేను తప్పకుండా చేయమని చెప్పే పరీక్ష ఇంకోటి ఉంది. టవర్‌ను రెండుసార్లు కొలవండి: ఒకసారి కార్డు తీసేసి, మదర్‌బోర్డు వెనకున్న వీడియో పోర్టుతో, మరోసారి కార్డు పెట్టి. ఎందుకంటే ఐ5-7200యూ లాంటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో కోర్లు రెండే. పాత టవర్‌లో ఉండే ఐ5-4570లోనో, ఐ5-6500లోనో నాలుగు ఉంటాయి. ల్యాప్‌టాప్ కంటే టవర్ బాగుందని మీకు అనిపించినదానిలో ఎంత భాగం ప్రాసెసర్‌ది, ఎంత భాగం కార్డుది అన్నది ఈ మూడు కొలతలతోనే విడిపోతుంది. కార్డు లేకుండానే మీ పని సాగిపోతోందని తేలితే, ఆ డబ్బుతో ర్యామ్, ఎస్ఎస్‌డీ కొనుక్కోవచ్చు.

టవర్ కార్డుకు సరిపోతుందా

ఆఫీసుల నుంచి వచ్చే టవర్లలో సన్నవి చాలా ఉంటాయి. వాటిలో లో-ప్రొఫైల్, అంటే ఎత్తు తక్కువ కార్డు మాత్రమే పడుతుంది. మామూలు ఎత్తు కార్డు తెస్తే మూత మూసుకోదు. స్కేలుతో కొలిచి వెళ్ళండి. పవర్ సప్లై మీద అంటించిన స్టిక్కర్ చదవండి. డెల్ ఆప్టిప్లెక్స్ 7010 సన్న రకంలో ఉండేది 240 వాట్లే. 75 వాట్ల కార్డుకు అది అంచున పని చేస్తుంది, 30 వాట్ల జీటీ 1030కి నిశ్చింత. పవర్ సప్లై నుంచి విడిగా 6-పిన్ కనెక్టర్ అడిగే కార్డుల జోలికి ఇలాంటి టవర్‌తో వెళ్ళకండి. కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజి ఊగే వీధిలో ఉంటే యూపీఎస్ ఖర్చు కూడా బడ్జెట్‌లో కలపండి.

మానిటర్ పాతదై వెనక వీజీఏ పోర్టు ఒక్కటే ఉందా? జీటీ 1030, 1050 టీఐ, 1650 వీటిలో దేనికీ వీజీఏ లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి సిగ్నల్ మార్చే యాక్టివ్ కన్వర్టర్ కావాలి, లేదా మానిటర్ మార్చాలి. కార్డు ఇంటికి వచ్చాక రాత్రి తొమ్మిదింటికి ఇది తెలిస్తే చాలా నిరాశగా ఉంటుంది.

విండోస్ సంగతీ చూడాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో జనరేషన్ నుంచే. వాలరెంట్ అయితే విండోస్ 11లో టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే మదర్‌బోర్డు భద్రతా సదుపాయాలు లేకుండా తెరుచుకోదు. ఆ ఆట కోసమే టవర్ కొంటున్నవాళ్ళు కార్డు కంటే ముందు ఇది తేల్చుకోవాలి.

నేనైతే ఏది తీసుకోమంటాను

జీటీ 710, జీటీ 730 వద్దు. వాటి డ్రైవర్లకు కొత్త ఆటల మెరుగులు 2021లోనే ఆగిపోయాయి. జీటీ 1030 జీడీడీఆర్5 రకం సన్న టవర్‌కు, వీడియో చూడటానికి, తేలిక ఆటలకు సరే. కానీ దానిలో వీడియో ఫైలు తయారుచేసే ఎన్‌కోడర్ లేదు, కాబట్టి ఎడిటింగ్ చేసేవాళ్ళకు అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో 1050 టీఐ, 1650 మధ్య ధర తేడా కొంచెమే అయితే 1650 వైపే మొగ్గండి. 1050 టీఐ తరానికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయని ఎన్విడియా ప్రకటించింది. కొత్తదే కావాలంటే 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం 70 వాట్లతో నడుస్తుంది. చాలా మోడళ్ళకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు.

కొత్తవి కదా అని పాత టవర్‌కు పనికిరానివి తెచ్చుకోకండి. ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 6400 స్లాట్‌లో నాలుగు లేన్లే (డేటా దారులే) వాడుతుంది, పాత తరం పీసీఐఈ స్లాట్ మీద వేగం కోల్పోతుంది. అందులో కూడా ఎన్‌కోడర్ లేదు. ఇంటెల్ ఆర్క్ ఏ380 మంచి కార్డే. కానీ మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే దాని వేగం బాగా పడిపోతుంది, పాత ఆఫీసు టవర్లలో అది ఉండదు.

కొనేచోట

ఇక్కడి షాపులో కొన్ని రకాలే ఉంటాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్తే ఎంచుకోవడానికి ఎక్కువ దొరుకుతాయి, ధర కూడా మాట్లాడుకోవచ్చు. కానీ సెకండ్ హ్యాండ్ కార్డు వారం తర్వాత మొరాయిస్తే మళ్ళీ బస్సెక్కి అక్కడికి పోవాలి. తేడా ఒకటి రెండు వేలలోపే అయితే ఊళ్ళోనే తీసుకోవడం మేలు.

ఎక్కడ కొన్నా సిగ్గుపడకుండా అడగండి: "అన్నా, ఒక పావుగంట నడిపి చూపించండి, జీపీయూ-జెడ్ కూడా తెరవండి." నమ్మకంగా అమ్మేవాళ్ళు దానికి అడ్డు చెప్పరు. జీపీయూ-జెడ్‌లో చిప్ పేరు, మెమరీ రకం, బస్ వెడల్పు, బ్యాండ్‌విడ్త్ అన్నీ ఒకే పేజీలో కనిపిస్తాయి. పాత చిప్‌కు బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ అని అమ్మే నకిలీలు మార్కెట్‌లో తిరిగాయి. అలాంటివాటిని ఆ ప్రోగ్రామ్ పసిగట్టి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. 1050 టీఐ అయితే 768 కోర్లు, 128 బిట్లు కనిపించాలి. హెవెన్ నడుస్తుండగా తెర మీద చుక్కలు, గళ్ళు వస్తే ఆ కార్డు వదిలేయండి. ఫ్యాన్ శబ్దం వినండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

బిగించడం, ఆ తర్వాత

టవర్ ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. లోపలి ఇనుప ఫ్రేమ్‌ను చేత్తో తాకి, తర్వాత కార్డు పట్టుకోండి. పొడవైన స్లాట్‌లో క్లిక్‌మనేదాకా నొక్కి, స్క్రూ బిగించండి. మానిటర్ కేబుల్ కార్డు పోర్టుకే పెట్టాలి. కేబుల్‌ను పాత అలవాటుగా మదర్‌బోర్డు పోర్టుకే పెట్టి, కార్డు కొన్నా తేడా లేదని బాధపడేవాళ్ళు ఉన్నారు. డ్రైవర్‌ను కంపెనీ సైటు నుంచే దింపుకోండి.

పెళ్ళి వీడియోలు ఎడియస్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో కట్ చేసేవాళ్ళకు ఒక మాట. ఎడియస్ చాలాకాలంగా హెచ్.264 ఫైళ్ళకు ఇంటెల్ క్విక్ సింక్‌ను వాడుకుంటుంది. అది ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఉండే భాగం. కార్డు పెట్టగానే చాలా టవర్లు ఆ గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. అప్పుడు టైమ్‌లైన్ మునుపటికంటే బరువుగా కదులుతుంది, తప్పు కార్డుదని అనుకుంటారు. కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే బయోస్‌లోకి వెళ్ళి వీడియో సెట్టింగుల్లో ఇంటర్నల్ గ్రాఫిక్స్ లేదా మల్టీ మానిటర్ అన్నదాన్ని ఎనేబుల్ చేసి, విండోస్‌లో ఇంటెల్ డ్రైవర్ కూడా వేయండి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 రెండూ కనిపించాలి. ప్లే చేసేటప్పుడు ఇంటెల్ వైపు 'వీడియో డీకోడ్' గ్రాఫ్ కదులుతుంటే సెట్టింగు సరిగ్గా పడినట్టే.